మియాజిమాలో ఒక్కరోజు: ఆటుకీ పోటుకీ మధ్య మిసెన్ కొండ

జపాన్‌లో హిరోషిమా పక్కనున్న మియాజిమా ద్వీపానికి వెళ్లాలంటే టికెట్ల కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీటిమట్టం 250 సెంటీమీటర్లు దాటితే ఇత్సుకుషిమా ఆలయం నీటిపై తేలుతున్నట్టు ఉంటుంది. 100 కంటే తగ్గితే సముద్రంలోని ఎర్రటి తోరీ ద్వారం దగ్గరకు నడిచే వెళ్లొచ్చు. రెండింటికీ మధ్య దాదాపు ఆరు గంటల తేడా. ద్వీపంలోని మిసెన్ కొండ ఎక్కి దిగడానికి ఆ ఆరు గంటలూ చక్కగా సరిపోతాయి. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి కాబట్టి తేదీ ఎంచుకునే వీలుంటే పంచాంగం కూడా పనికొస్తుంది.

హిరోషిమా స్టేషన్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వే) సాన్యో లైన్‌ రైల్లో ఫెర్రీ రేవున్న మియాజిమాగుచికి అరగంట లోపే, 420 యెన్లు. ట్రామ్ చవకే కానీ గంట పైన పడుతుంది, పొద్దున్నే అంత సమయం పోగొట్టుకోవడం దండగ. అక్కడి నుంచి ఫెర్రీ పది నిమిషాలు, 200 యెన్లు, పైన సందర్శకుల పన్ను 100. జేఆర్ పాస్ ఉన్నవాళ్లు జేఆర్ ఫెర్రీ ఎక్కొచ్చు, పన్ను మాత్రం విడిగా కట్టాలి. రెండు కంపెనీల పడవలు పక్కపక్కనే ఉంటాయి, పగటిపూట తోరీకి దగ్గరగా తిప్పి తీసుకెళ్లేది జేఆర్ పడవే. హిరోషిమా ఊళ్లోని పీస్ పార్క్ నుంచి నేరుగా వెళ్లే పడవ 45 నిమిషాల్లో చేరుస్తుంది. కానీ అది చాలా ఖరీదు. పైగా నదిలో వంతెనల కింద నీటిమట్టం కుదరకపోతే రద్దవుతుంది కూడా.

మిసెన్ ఎత్తు 535 మీటర్లే, కానీ మొదలుపెట్టేది సముద్రమట్టం నుంచి. మూడు దారులు: మొమిజిదాని 2.5 కి.మీ., దైషోఇన్ 3, ఓమోతో 3.2. ఏ దారైనా ఎక్కడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. మొమిజిదాని చెట్ల నీడలో సాగుతుంది. ఎండాకాలంలో అదే నయం, కాకపోతే దారిలో సముద్రం పెద్దగా కనిపించదు. దైషోఇన్ దారి అంతా రాతిమెట్లే, దాదాపు రెండు వేలు. మెట్ల ఎత్తు ఒక్కలా ఉండదు, వాన పడితే జారతాయి. దిగేటప్పుడు మాత్రం ఎదురుగా సముద్రం, ద్వీపాలు పరుచుకుని ఉంటాయి. మోకాళ్లు బాగుంటే మొమిజిదాని మీదుగా ఎక్కి, దైషోఇన్ మీదుగా దిగడం అన్నిటికన్నా మంచిది. దిగాక దైషోఇన్ గుడికి ఓ గంట ఉంచుకోండి. ఊలు టోపీలు పెట్టుకున్న ఐదు వందల చిన్న రాతి అర్హతుల విగ్రహాలు, ఒక్కో ముఖంలో ఒక్కో భావంతో వరుసగా కూర్చుని ఉంటాయి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగడానికి రోప్‌వే వాడుకోవాలి. ఒకవైపు 1100, రానుపోను 2000 యెన్లు. చాలామంది పొరబడేది ఇక్కడే: రోప్‌వే శిఖరం దాకా వెళ్లదు. షిషీఇవా స్టేషన్‌లో దిగి ఇంకా కిలోమీటరు, అరగంట నడవాలి. ఆ దారి ముందు కిందికి దిగి, తర్వాత ఎక్కుతుంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడూ చివర్లో ఎక్కడం తప్పదు. ఆఖరి కేబిన్ సాయంత్రం త్వరగానే వెళ్లిపోతుంది, గాలి గట్టిగా వీస్తే రోప్‌వే ఆపేస్తారు. నవంబరులో ఆకులు ఎర్రబడే రోజుల్లో క్యూలోనే గంట పోవచ్చు.

శిఖరం కిందనే ఉన్న రెయికాదో అనే చిన్న మందిరంలో బౌద్ధ గురువు కోబో దైషి 806లో వెలిగించాడని చెప్పే నిప్పు ఇప్పటికీ ఆరకుండా మండుతోంది. హిరోషిమా శాంతి జ్యోతిని వెలిగించిన నిప్పుల్లో ఇదీ ఒకటి. పొగతో నల్లబడ్డ ఆ గదిని చూడకుండా రావద్దు.

మనిషికి కనీసం లీటరు నీళ్లు, తిండి కిందనుంచే పట్టుకెళ్లాలి. చెత్త మళ్లీ కిందికి తేవాలి. రేవు దగ్గర జింకలు కాగితం కనబడితే చాలు నమిలేస్తాయి, మ్యాపులూ టికెట్లూ జేబులో దాచుకోండి.

శాకాహారులకు ఇక్కడ తిండి కష్టమే. ఊరి ప్రత్యేకతలు అనాగో చేప అన్నం, కాల్చిన ఆయిస్టర్లు. ఉడాన్ నూడుల్స్ రసంలోనూ సాధారణంగా చేపలతో కాచిన దాషీ అనే రసం ఉంటుంది. మొమిజి మంజూ తీపిలో ఎర్రచిక్కుడు ముద్ద ఉన్నా, పైపొరలో గుడ్డు కలుస్తుంది. హిరోషిమాలో వంటగది ఉన్న బస దొరికితే పులిహోర కలిపి తెచ్చుకోవడం ఉత్తమం.

ద్వీపంలోని ర్యోకాన్లలో (సంప్రదాయ జపాన్ సత్రాలు) రాత్రి ఉంటే జనం వెళ్లిపోయాక దీపాల వెలుగులో తోరీని చూడొచ్చు. కానీ వాటి ధరలో సముద్రపు తిండితో రాత్రి భోజనం కలిసి ఉంటుంది. చేపలు తినని వాళ్లు బుకింగ్ చేసేటప్పుడే చెప్పాలి, లేదంటే హిరోషిమా స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటల్లో దిగడమే మేలు. పెద్ద సూట్‌కేసులు అక్కడే వదిలేసి రండి.