మెనోపాజ్ తర్వాత కలయికలో మంట: జెల్ మంచిదా, ఈస్ట్రోజెన్ క్రీమా?

60 దాటిన ఆడవాళ్లు కలయికలో మంటగా ఉందని భర్తకే చెప్పుకోరు, ఇక డాక్టరుకేం చెబుతారు? "ఈ వయసులో ఇంకెందుకులే" అని పక్క వేరు చేసుకుంటారు. మందు ఉండి కూడా ఇలా ఓర్చుకోవడం చూస్తే బాధేస్తుంది.

లూబ్రికెంట్ జెల్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. కలయికకు ముందు రాసుకుంటే రాపిడి తగ్గుతుంది, ఆ పూటకే. నీటితో చేసినది త్వరగా ఆరిపోతుంది, సిలికాన్‌ది ఎక్కువసేపు నిలుస్తుంది. కొబ్బరినూనె రాసుకునేవాళ్లూ ఉన్నారు. కండోమ్ వాడితే మాత్రం వద్దు, రబ్బరు చిరుగుతుంది.

క్రీమ్ పనే వేరు. మెనోపాజ్‌తో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గి పలచబడిన యోని పొరను అది మళ్లీ బాగుచేస్తుంది. మామూలుగా మొదటి 2 వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి 2 సార్లు వాడమంటారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మానేస్తే మంట మళ్లీ మొదలవుతుంది. మాటిమాటికీ వచ్చే మూత్రం ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. రక్తంలోకి చేరేది చాలా కొద్ది. అయినా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందు క్యాన్సర్ డాక్టరును అడగాలి. నెలసరి ఆగిపోయాక రక్తం కనిపిస్తే, క్రీమ్ సంగతి తర్వాత, ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఇబ్బంది కలయికప్పుడే అయితే జెల్ చాలు. మామూలు రోజుల్లో కూడా మంట, దురద ఉంటే నేను క్రీమ్ వైపే మొగ్గుతాను. రెండూ కలిపి వాడినా తప్పులేదు.