డిజిటల్ లెవెల్ మీటర్ కొంటున్నారా? స్పీకర్ వైర్లకు కలిపేముందు ఒక్కసారి చదవండి

గత నెలలో నా ఆంప్లిఫైయర్ కాలిపోయింది. ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి కొన్న లెవెల్ మీటర్ బోర్డును (పాట సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో లైట్లతో చూపించేది), అమ్మినవాళ్లు చెప్పినట్టే కలిపినందుకు. అలాంటి బోర్డులు రకరకాల పేర్లతో ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రకటనలో ‘ప్రొఫెషనల్ డిజిటల్ లెవెల్ మీటర్, స్టీరియో, ఛానల్‌కు 24 ఎల్ఈడీలు’ అని ఉంది. బోర్డు రాగానే ఒక 12 వోల్టుల అడాప్టర్ తగిలించి, పక్కన సిస్టమ్‌లో పాట పెట్టాను. లైట్లు పాటకు తగ్గట్టే ఎగిరాయి. అప్పటికి ఆంప్ నుంచి బోర్డుకు ఒక్క వైరు కూడా కలపలేదు. ఇంతలో వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. రెండు వరుసలూ ఒక్కసారిగా ఎరుపు దాకా వెళ్లాయి. టార్చి వేసి చూస్తే బోర్డు మూలన మినపగింజంత మైకు కనిపించింది. అంటే ఆ మీటర్ చూపిస్తున్నది ఆంప్‌లోని సిగ్నల్‌ని కాదు, గదిలో వచ్చే చప్పుడుని. స్టీరియో అన్నారు గానీ, ఉన్నది ఒకే మైకు, అందుకే రెండు వరుసలూ ఒకేలా కదిలాయి.

అమ్మినవాళ్లకు మెసేజ్ పెట్టాను. ‘లైట్లు వెలుగుతున్నాయి కదా, డిఫెక్ట్ లేదు, రిటర్న్ కుదరదు’ అన్నారు. మైకు వద్దనుకుంటే జంపర్ (బోర్డు మీద పిన్నులను కలిపే చిన్న క్లిప్పు) మార్చి, స్పీకర్ టెర్మినల్స్ నుంచి సిగ్నల్ తీసుకోమని ఒక బొమ్మ పంపారు. అందులో రెండు స్పీకర్ల ప్లస్సులు బోర్డు మీద ఎడమ, కుడి పిన్నులకు, మైనస్‌లు రెండూ ‘జి’ (గ్రౌండ్, అంటే సప్లై మైనస్) అని రాసి ఉన్న ఒకే పిన్నుకు వెళ్తున్నాయి. పవర్ కూడా ఆంప్ వాడే 24 వోల్టుల అడాప్టర్ నుంచే. అలాగే కలిపి స్విచ్ వేశాను. ఒక చిన్న టిక్ శబ్దం, ఆ వెంటనే కాలిన వాసన. అంతే, మళ్లీ ఆ ఆంప్ పలకలేదు.

కోఠి గుజరాతీ గల్లీలో రిపేర్ చేసే ఆయన మూత తీసి చూసి, ‘ఈ ఆంప్‌లో స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదన్నా’ అన్నాడు. అసలు విషయం ఆ ఒక్క మాటలో ఉంది. ఇప్పుడొస్తున్న చిన్న క్లాస్-డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) ఆంప్‌లలో చాలా వాటికి బ్రిడ్జ్ అవుట్‌పుట్ ఉంటుంది. స్పీకర్ రెండు వైర్లనూ ఆంపే నడుపుతుంది. 24 వోల్టుల ఆంప్‌లో పాట లేనప్పుడు కూడా ఆ రెండు వైర్ల మీదా దాదాపు 12 వోల్టులు ఉంటాయి. నల్ల వైరును, అంటే మైనస్‌ని తీసుకెళ్లి గ్రౌండ్‌కు కలిపితే అది నేరుగా షార్ట్. మీటర్‌కు వేరే అడాప్టర్ పెట్టినా, రెండు ఛానళ్ల మైనస్‌లను ఒకే పిన్నుకు కలిపితే మళ్లీ అదే ప్రమాదం. చిప్‌లో ప్రొటెక్షన్ సరిగ్గా పనిచేస్తే ఆంప్ ఆగిపోయి ఊరుకుంటుంది. నాది ఆగలేదు.

దీన్ని కనిపెట్టడానికి మల్టీమీటర్ ఉంటే చాలు. ఆంప్ ఆఫ్ చేసి, అడాప్టర్ మైనస్‌కూ స్పీకర్ మైనస్‌కూ మధ్య కంటిన్యుటీ (రెండూ లోపల నేరుగా కలిసి ఉన్నాయా అని) చూడండి. బీప్ రాకపోతే ఆ టెర్మినల్ జోలికి వెళ్లొద్దు. ఆన్ చేసి చూసినప్పుడు సప్లైలో సగం వోల్టేజ్ కనిపించినా అంతే. అలాంటి ఆంప్ ఉన్నవాళ్లు మీటర్‌కు సిగ్నల్‌ని ఆంప్‌కు ముందు నుంచి, అంటే డాక్ (డీఏసీ, డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) లేదా ప్రీ-ఆంప్ లైన్ అవుట్ నుంచి తీసుకోవాలి. మీటర్‌కు అడాప్టర్ విడిగా పెట్టుకోండి. ఎల్ఈడీలు వేగంగా వెలిగి ఆరుతూ కరెంటు లాగుతుంటే, సప్లై ఒకటే అయినప్పుడు ఆ గొడవ స్పీకర్లో సన్నటి కూతలా వినిపించవచ్చు.

ఆంప్ పోయాక, ఈ బోర్డు అసలు కొలుస్తుందా లేదా తేల్చుకోవాలనిపించింది. డాక్ నుంచి లైన్ ఇన్‌కు 1 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చాను. ఫుల్ స్కేల్‌లో 24 చుక్కలూ వెలిగేలా సర్ది, 6 డెసిబెల్స్ తగ్గిస్తే 12 చుక్కలు, 20 తగ్గిస్తే రెండే. బోర్డు మీద అచ్చేసిన డెసిబెల్ అంకెలకూ దీనికీ పొంతనే లేదు. 6 డెసిబెల్స్ తగ్గితే వోల్టేజ్ సగం, 20 తగ్గితే పదో వంతు అవుతుంది. అంటే ఈ బోర్డు వోల్టేజ్‌ని సమాన ముక్కలుగా కోసి, పక్కన డెసిబెల్ అంకెలు అచ్చేసుకుంది. సంగీతం సగటు స్థాయి పీక్ (అత్యధిక శిఖరం) కంటే 10, 15 డెసిబెల్స్ కింద ఉండటం మామూలే. అలాంటి స్కేల్ మీద పాట ఎక్కువసేపు అడుగు చుక్కల్లోనే ఉండిపోతుంది.

నిజానికి ఇది కష్టమైన డిజైన్ కాదు. ఎప్పటినుంచో ఉన్న ఎల్ఎం3915 చిప్ పది ఎల్ఈడీలతో, మెట్టుకు 3 డెసిబెల్స్ చొప్పున 30 డెసిబెల్స్ చూపిస్తుంది. ఎల్ఎం3914 కొంటే మాత్రం అది సమాన వోల్టేజ్ మెట్లది, పేరు చూసుకోండి.

కదిలే తీరు కూడా ముఖ్యం. పాత వీయూ మీటర్ (ముల్లుతో సగటు స్థాయి చూపేది) ముల్లు తన చోటికి చేరడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చెవికి తోచే సగటు గట్టితనానికి అది దగ్గరగా ఉంటుంది. మృదంగం మీద పడే దెబ్బ అసలు ఎత్తు మాత్రం అందులో కనిపించదు, ముల్లు లేచేలోపే ఆ శిఖరం అయిపోతుంది. ఇంట్లో వినడానికి నాకు నచ్చేది రెండూ కలిసిన మీటర్: నిదానంగా కదిలే సగటు వరుస, దాని పైన ఒకటి రెండు సెకన్లు నిలిచే పీక్ చుక్క.

ప్రకటనల్లో ‘డిజిటల్’ అంటే చాలాసార్లు ఎల్ఈడీలు ఉన్నాయనే అర్థం. నిజమైన డిజిటల్ మీటర్ ఆప్టికల్ లేదా కోయాక్సియల్ ఇన్‌పుట్ నుంచి శాంపిల్స్‌నే, అంటే సిగ్నల్‌ని సూచించే అంకెలనే చదువుతుంది. అక్కడ సున్నా అంటే పై కప్పు. డిజిటల్ ఫుల్ స్కేల్ అని చెప్పి, స్కేల్ మీద +3, +6 అని రాసి ఉంటే వెంటనే అనుమానించండి. కొనేముందు ఫొటో జూమ్ చేసి మైకు ఉందేమో చూడండి. చుక్కకు ఎన్ని డెసిబెల్సో, బ్రిడ్జ్ అవుట్‌పుట్ ఆంప్‌కు కలపవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. నాకు అమ్మినవాళ్లు ఆ బొమ్మను ఇప్పటికీ మార్చలేదు, నిన్న రాత్రి కూడా చూశాను. అదే బొమ్మ మీ దగ్గరికి వచ్చి ఉంటే, ఆ రెండు నల్ల వైర్లను మాత్రం కలపకండి.