పొట్టి కేసులా, పూర్తి నవలా? నవ్వించే డిటెక్టివ్ కథల్లో పిల్లలకు ఏది మేలు?

దసరా సెలవులు దగ్గర పడగానే హనుమకొండలో తల్లిదండ్రులు ఒకటే అడుగుతారు: తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఏ డిటెక్టివ్ పుస్తకం కొనాలి? హత్యలు, రక్తాలు వద్దు, నవ్వు ఉండాలి, పిల్లలు చివరిదాకా వదలకుండా చదవాలి. ఇలాంటివాటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. నాలుగైదు పేజీల్లో తేలిపోయే పొట్టి కేసులు ఒకటి, పిల్లల గుంపు దొంగ వెంటపడే పూర్తి నవలలు రెండోది.

పొట్టి కేసులంటే ముందు గుర్తొచ్చేది డొనాల్డ్ సోబోల్ 1963లో మొదలుపెట్టిన ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్ పుస్తకాల వరస. హీరోకు పదేళ్లు, వాళ్ల నాన్న ఊరి పోలీస్ చీఫ్. ఆయనకు తేలని కేసును రాత్రి భోజనాల దగ్గర కొడుకు తేలుస్తాడు. జవాబులన్నీ పుస్తకం చివర ఉంటాయి. ఈ ఒక్క ఏర్పాటే దీని బలం. చదవడానికి బద్ధకించే పిల్లలు కూడా అబద్ధం ఎక్కడ దొర్లిందో చూడటానికి మళ్లీ వెనక్కి పేజీలు తిప్పుతారు. ఒక కేసులో అమెరికా అంతర్యుద్ధం నాటిదని చెప్పి కత్తి అంటగట్టజూస్తారు. దాని మీద ‘మొదటి బుల్ రన్ యుద్ధం’ అని చెక్కి ఉంటుంది. రెండో యుద్ధం జరగకముందే ‘మొదటిది’ అని ఎవరు చెక్కిస్తారు? ఈ కిటుకు వరంగల్ పిల్లలకూ అందుతుంది. కానీ ఆ యుద్ధాన్ని అమెరికా దక్షిణాదివాళ్లు వేరే పేరుతో పిలిచేవారన్న సంగతి అందదు. అలాంటి చోట్ల పిల్లలకు నీరసం వస్తుంది.

ఈ రకం మనకేం కొత్త కాదు. మర్యాద రామన్న కథ చూడండి. నలుగురు దొంగలు పెద్దమ్మ దగ్గర డబ్బు బిందె దాచి, నలుగురం కలిసొస్తేనే ఇవ్వమంటారు. ఒకడు మాయచేసి పట్టుకుపోతాడు. మిగతా ముగ్గురూ డబ్బు కట్టమని ఆమె మీద పడతారు. ‘అలాగే ఇస్తుంది, ముందు ఆ నాలుగోవాణ్ణి తీసుకురండి’ అన్నదే రామన్న తీర్పు. మన పిల్లలకు మొదటి డిటెక్టివ్ కథగా నేను దీన్నే చెప్తాను, తీర్పుకు ముందు ఆపి మరీ.

అయితే పొట్టి కేసుల్లో హీరో ఎప్పుడూ తప్పు చేయడు. నాలుగైదు చదివేసరికి వరస తెలిసిపోతుంది, నవ్వూ పలచబడుతుంది.

నవలలో నవ్వు పెరిగే చోటుంది. ఎరిక్ కెస్ట్‌నర్ 1929లో రాసిన ‘ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్’ నవలలో, రైల్లో డబ్బు పోతుందేమోనన్న భయంతో పిల్లాడు నోట్లను కోటు జేబు లోపల గుండుసూదితో గుచ్చుకుంటాడు. చదువుతుంటే ఆ టెన్షన్ చూసి నవ్వొస్తుంది. నిద్రలోకి జారుకోగానే డబ్బు పోనే పోతుంది. బెర్లిన్‌లో పిల్లలంతా కలిసి దొంగను వెంటాడి, చుట్టుముట్టి, ఊపిరాడనివ్వరు. చివరికి ఆ నోట్లు ఎమిల్‌వేనని రుజువు చేసేవి సూది చేసిన చిల్లులే! మనల్ని నవ్వించిందే సాక్ష్యమైంది. నాకు ఈ రకం నచ్చేది ఇందుకే. జోకు తీసేసినా కేసు చెక్కుచెదరకుండా నిలబడితే, ఆ జోకు పైన అతికించినదే.

మన దగ్గరా ఇలాంటి కథలు పుట్టొచ్చు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వచ్చే రోజులు. పొద్దుటి నుంచీ ఆ మిర్చి రాశుల మధ్యే తిరిగానని, యార్డులో కాలుపెట్టడం ఇదే మొదటిసారని ఒకాయన చెప్తుంటాడు. అక్కడే నిలబడి ఆ మాటలు రాసుకుంటున్న చిన్న డిటెక్టివ్ తుమ్మి తుమ్మి పెన్ను జారవిడుస్తాడు. వాణ్ణి చూసి నవ్వుతూ, ఆయన ఒక్కసారీ తుమ్మలేదని, కళ్లు కూడా చెమర్చలేదని మనం గమనించం. చివరికి ఆయన అబద్ధాన్ని పట్టించేవి ఆ తుమ్ములే. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. ఇక్కడి రచయితలు ఇలాంటివి రాయాలని నా గట్టి కోరిక.

అన్ని నవలలూ ఒకటి కావు. ఎనిడ్ బ్లైటన్ 1943లో మొదలుపెట్టిన ఫైవ్ ఫైండ్-ఔటర్స్ నవలల్లో పిల్లలు తప్పుడు ఆధారాలు సృష్టించి పోలీసు గూన్‌ను తిప్పలు పెట్టడం భలే ఉంటుంది. కానీ లావుగా ఉన్న కుర్రాణ్ణి అందరూ ‘ఫ్యాటీ’ అనే పిలుస్తారు. అది నాకు నచ్చదు. అలాంటి పేర్లు మర్నాటికే క్లాసులోకి వస్తాయి. ఆ పుస్తకం ఇస్తే ఈ విషయం పిల్లలతో మాట్లాడాలి.

ఇంతకీ ఏది కొనాలి? పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకునే పిల్లలకు, బడిలో ఒక్క పీరియడ్‌లో చెప్పడానికి పొట్టి కేసులే మేలు. కొంచెమైనా చదివే అలవాటుండి, ఒక్క పుస్తకానికే డబ్బులుంటే నవలే కొనండి, అందులోనూ ఎమిల్. ఇంగ్లిష్ పుస్తకమైతే మొదట్లో కొన్ని పేజీలు పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ చదివించాలి. కాజీపేట జంక్షన్ రద్దీ చూసిన పిల్లలు రైలు కదిలాక ఇక మీ కోసం ఆగరు.