వోలెండామ్ మెట్లు, మార్కెన్ మెరకలు

ముందు గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట తీరదు. నెదర్లాండ్స్‌లో మార్కెన్ అనే ఊరు చూద్దామని బయల్దేరి, దగ్గర్లోని వోలెండామ్‌లో ఒకచోట దిగాం. బుకింగ్‌లో రాత్రికి 118 యూరోలు అని ఉంది, కట్టింది 161. క్లీనింగ్‌కి 30, టూరిస్ట్ ట్యాక్స్ 13. సరే, చూసుకోకపోవడం నా తప్పే. కానీ మెట్ల మాట ఎక్కడా రాయలేదే! ఇక్కడి పాత ఇళ్లలో మెట్లంటే నిచ్చెనే, సగం పాదం కూడా ఆనదు. మోకాళ్ల నొప్పులతో రెండో అంతస్తు ఎక్కిన మా అత్తయ్యగారు మంచం మీద కూలబడి, "తాటిచెట్టు ఎక్కించావు కదమ్మా" అన్నారు. తెల్లారేదాకా మళ్లీ మాట లేదు. కింద గది ఇవ్వమంటే కౌంటర్లో అమ్మాయి, అన్నీ పైనేనని నవ్వింది. మా ఆయన ఏమీ అనలేదు, నా వైపు చూశారంతే.

పొద్దున్నే లాంచీలో అరగంట. మార్కెన్‌లో దిగాక అత్తయ్యగారి ముఖం మారింది.

ఆకుపచ్చవీ నల్లవీ చెక్క ఇళ్లు, అన్నీ గుంపులుగా మెరకల మీద. 1957లో గట్టు వేసి ఒడ్డుతో కలిపేదాకా ఇది దీవి. సముద్రం పొంగినప్పుడల్లా నీళ్లు ఊళ్లోకి వచ్చేవి కాబట్టి, మట్టి పోసి మెరకలు చేసుకుని వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు. మెరకల మీద చోటు చాలకపోతే స్తంభాల మీద లేపారు. 1916 జనవరి ఉప్పెనలో ఇక్కడ 16 మంది పోయారు. ఆ దెబ్బతోనే ఇక్కడి సముద్రపు పాయకి అడ్డంగా పెద్ద కట్ట కట్టే పని ఊపందుకుని, 1932కి దాన్ని మూసేశారు. ఉప్పెన భయం పోయింది, దాంతోపాటే చేపల వేటా పోయింది. నీళ్లు రావని తేలాక స్తంభాల మధ్య గోడలు కట్టి గదులు చేసుకున్నారు.

అత్తయ్యగారిది కోనసీమలో లంక గ్రామం. ఎనభై ఆరు వరదలో ఇల్లు పోయిన మనిషి. "మా ఊళ్లోనూ మెరక మీద ఇల్లున్నవాడే బతికాడు" అంటూ ప్రతి ఇంటి ముందూ ఆగారు. స్తంభాల ఇళ్ల మెట్లు చూపించి నేను నవ్వబోతే, "వీళ్లకి వరదొచ్చేది. మీ హోటలుకేం వచ్చింది?" అన్నారు.

1839 నాటి లైట్‌హౌస్‌కి మా ఆయన ఒక్కరే నడిచి వెళ్లొచ్చారు, గాలికి చెవులు పట్టేశాయట. మేమిద్దరం రేవు దగ్గర 9 యూరోలు పెట్టి, పిండిలో ముంచి వేయించిన చేప ముక్కలు తిన్నాం. చేప తాజాది, కానీ ఒట్టి ఉప్పే. అత్తయ్యగారు హ్యాండ్‌బ్యాగులోంచి కారప్పొడి తీశారు. ఇంకో ప్లేటు తెచ్చుకున్నాం.

మీరు వెళ్తే వోలెండామ్‌లో గది తీసుకోకండి. ఆమ్‌స్టర్‌డామ్ నూర్డ్ స్టేషన్ నుంచి 315 బస్సు నేరుగా మార్కెన్‌కే వస్తుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. ఈ సంగతి అత్తయ్యగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.