అరుణాచలం రమణాశ్రమం, పాత హాలు: వెళ్లేవాళ్లు ఒక గంట అక్కడ కూర్చోండి

అరుణాచలం వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది గుడి దర్శనం, పద్నాలుగు కిలోమీటర్ల గిరిప్రదక్షిణ అయ్యాక రమణాశ్రమానికి వచ్చి, రమణ మహర్షి సమాధి దగ్గర దండం పెట్టుకుని, నెమళ్లని ఫోటో తీసుకుని పావుగంటలో వెళ్లిపోతారు. అక్కడే పాత హాలు అని ఒకటుంది. అద్వైతం, అంటే ఉన్నది ఒక్కటే, రెండోది లేదు అనే బోధ మీద ఎన్ని ప్రవచనాలు విన్నా ఇంటికి వచ్చేసరికి అంతా మామూలే అయిపోతోంది అనుకునేవాళ్లు తప్పకుండా అక్కడ కూర్చోవాలి.

చిన్న హాలు. మహర్షి దాదాపు ఇరవై ఏళ్లు అందులోనే, ఒక సోఫా మీద, వచ్చినవాళ్లందరి ఎదుటా గడిపారు. ఇప్పుడు ఆ సోఫా మీద ఆయన పటం ఉంటుంది. లోపల ఎవరూ మాట్లాడరు. కోర్సు లేదు, గురువుగారు వచ్చి కళ్లు మూసుకోండి, ఊపిరి గమనించండి అని చెప్పడం లేదు, ఫీజు అసలే లేదు. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక కొందరు కాసేపటికే లేచి వెళ్లిపోతారు కానీ, నాకైతే ఈ చోటు గొప్పతనమే అది.

లోపల నిశ్శబ్దమే, బయట మాత్రం కాదు. నెమలి అరుస్తుంది, రోడ్డు మీద బస్సు హారన్ కొడుతుంది, పక్కాయన దగ్గుతాడు. మామూలు ధ్యానం క్లాసులో అయితే ఇవన్నీ డిస్టర్బెన్స్. మహర్షి చెప్పిన పద్ధతిలో అడగాల్సింది వేరే: డిస్టర్బ్ అయింది ఎవరు? నేను. సరే, ఆ నేను ఎవరు? సమాధానం మాటల్లో చెప్పుకోకుండా ఆ "నేను" ఎక్కడ నుంచి లేస్తోందో చూడాలి. నెమలి అరుపు అక్కడ, వినే నేను ఇక్కడ అనుకుంటాం కదా, ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో వెతికితే దొరకదు, వినబడటం ఒక్కటే ఉంటుంది, అరుపూ వినేవాడూ అని దాన్ని రెండుగా విడదీసేది తరువాత వచ్చే ఆలోచనే. కాసేపే ఉంటుంది అది. మళ్లీ లంచ్ ఎన్నింటికో గుర్తొస్తుంది. అప్పుడూ అదే ప్రశ్న, గుర్తొచ్చింది ఎవరికి?

1902లో శివప్రకాశం పిళ్లై అనే ఆయన, అప్పట్లో మహర్షి ఉన్న కొండ మీది విరూపాక్ష గుహకి వెళ్లి అడిగినప్పుడు, మౌనంగా ఉన్న మహర్షి రాసి ఇచ్చిన జవాబుల సారం కూడా ఇదే. అన్ని తలపుల కన్నా ముందు పుట్టేది నేను అనే తలపు, మిగతావన్నీ దాన్ని పట్టుకుని వచ్చేవే. గాఢనిద్రలో ఆ తలపు లేదు, లోకమూ లేదు, అయినా లేచాక హాయిగా నిద్రపోయాను అంటాం, అంటే అప్పుడూ మనం ఉన్నట్టే కదా. ఒక్కసారి దీని మీద నిజంగా మనసు పెట్టి చూడండి, లోకం వేరు నేను వేరు అనే నమ్మకం ఎంత బలహీనమో తెలుస్తుంది.

ఏకత్వం అంటే ఏదో వెలుగు కనబడాలి, ఒళ్లు తేలిపోవాలి అని ఎదురుచూసేవాళ్లకి ఒక మాట. కొత్తగా సంపాదించేది ఏమీ లేదన్నదే ఆయన బోధ. ఆ బోధ ఎలా బతుకుతుందో చూడాలంటే ఆవరణలో నడవండి. లక్ష్మి అనే ఆవుకి సమాధి ఉంది, దగ్గర్లోనే ఒక జింకకీ, కాకికీ, కుక్కకీ ఉన్నాయి. పంక్తిలో తనకి ఒక్క వంటకం ఎక్కువ వడ్డించినా మహర్షి ఒప్పుకునేవారు కాదు. తనూ ఎదుటివాళ్లూ వేరు కానప్పుడు ఎక్కువ తక్కువలు ఎక్కడివి? నాకు పుస్తకాల కన్నా ఇవే ఎక్కువ చెప్పాయి.

పుస్తకాల షాపు కూడా వదలకండి, తెలుగు పుస్తకాలు ఉంటాయి. ఉపదేశసారం అనే చిన్న పద్యాల పుస్తకాన్ని మహర్షి తమిళం, సంస్కృతం, మలయాళంతో పాటు తెలుగులోనూ స్వయంగా రాశారు, అంటే మనకి అనువాదం అవసరం లేదు. ఆశ్రమ భక్తురాలు సూరి నాగమ్మగారు తన అన్నగారికి తెలుగులో రాసిన లేఖలు కూడా కొనుక్కోండి, ఆ హాలులో రోజూ ఏం జరిగేదో కళ్లకి కట్టినట్టు ఉంటుంది. అసలు భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టిందే మన తెలుగు సంస్కృత పండితుడు, ఆయన శిష్యుడు కావ్యకంఠ గణపతి ముని, 1907లో. రచయిత చలంగారైతే 1950లో వచ్చి చివరిదాకా అరుణాచలంలోనే ఉండిపోయారు.

భోజనం నేల మీద కూర్చోబెట్టి విస్తట్లో వడ్డిస్తారు, కారం తక్కువ, వేడిగా బాగుంటుంది. సాయంత్రం సమాధి దగ్గర వేదపారాయణ, తరువాత తమిళ పారాయణ ఉంటాయి. వెనక దారిలో కొండెక్కి, ఈ ఆశ్రమానికి ముందు మహర్షి ఉన్న స్కందాశ్రమం వరకు వెళ్లండి, పైనుంచి గుడి గోపురాలన్నీ కనిపిస్తాయి. కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకోకండి.

గది కావాలంటే చాలా ముందే ఆశ్రమానికి రాయాలి, అద్దె అడగరు, ఇవ్వగలిగింది విరాళంగా ఇవ్వండి. హాలులో కూర్చోవాలన్నదే మీ ఉద్దేశమైతే పౌర్ణమి రోజులూ, కార్తీక దీపం రోజులూ వద్దు, ఊరంతా జనమే. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం కాదు, గదిలోనే వదిలేసి రండి.