రాజమండ్రి పాత పుస్తకాల కొట్టు: పుస్తకాలు బంగారం, పెట్టిన అరే తప్పు

రావులపాలెం దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. రాజమండ్రి వెళ్తే, దేవీచౌక్ వెనక సందులో బోర్డు కూడా లేని ఈ కొట్టు చూడకుండా తిరుగు బస్సెక్కను. పోయిన నెల అక్కడ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత థామస్ పెయిన్ రాసిన ‘ది ఏజ్ ఆఫ్ రీజన్’ 150 రూపాయలకు దొరికింది. అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి, చెద ముట్టలేదు. కొనకముందే కొట్టాయన స్టూలు వేసి గంటసేపు చదువుకోనిచ్చారు. ఇలాంటి మర్యాద ఈ రోజుల్లో ఎక్కడుంది?

నా కంప్లయింటల్లా ఒకటే. ఆ పుస్తకం ‘నాస్తికం’ అని రాసిన అట్టముక్క కింద ఉంది.

పెయిన్ నాస్తికుడు కాదు. ఒకే దేవుణ్ణి నమ్ముతున్నానని మొదట్లోనే రాసుకున్నాడు. 1793 చివర్లో పారిస్‌లో తనను అరెస్టు చేయడానికి కొద్ది గంటల ముందే మొదటి భాగం ముగించాడు. ఫ్రెంచి విప్లవం ఊపులో జనం మూఢనమ్మకాలతో పాటు నీతిని, దేవుణ్ణి కూడా వదిలేస్తారేమోనన్నది ఆయన భయం. ఆయన కాదన్నది మహిమల్ని, దేవుడే చెప్పాడనే గ్రంథాల్ని, మతాధికారుల పెత్తనాన్ని. కళ్లెదుట ఉన్న సృష్టే దేవుడి మాట అన్నాడు. డీయిజం అంటే ఇదే. ఈ పుస్తకం అచ్చువేసినందుకు 1819లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ కార్లైల్ జైలుకు వెళ్లాడు.

ఫ్రెంచి రచయిత వోల్టేర్‌నీ ఆ అరలోనే పెట్టారు. 1755 నవంబరు 1న, సర్వ పునీతుల పండగ నాడు, జనం చర్చిల్లో ఉండగా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. అంతా మంచికే అనే తత్వవేత్తల్ని నిలదీస్తూ ఆయన పెద్ద పద్యం రాశాడు. 1996 నవంబరు తుఫానుకి మా కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు, ఒక పెద్దాయన నాతో “అంతా మన మంచికేరా” అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు నేను చెప్పలేని జవాబు ఆ పద్యంలో కనబడింది. అంత కోపంలోనూ వోల్టేర్ దేవుణ్ణి వదల్లేదు. తానుండే ఫెర్నే ఊళ్లో చర్చి కట్టించి, దేవుడికే అంకితమని రాయించాడు.

స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ సంగతి వేరు. ఆయన పోయిన మూడేళ్లకు, 1779లో, అచ్చయిన, మతం గురించిన సంభాషణల పుస్తకంలో ఒక పాత్ర అడుగుతుంది: లోకాన్ని ఎవరో చేసిన గడియారంతోనే ఎందుకు పోల్చాలి, దానంతటది పెరిగే మొక్కతో ఎందుకు పోల్చకూడదు? కొబ్బరి మొలక చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇదంతా కొట్టాయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

“ఆయ్, మరి ఎక్కడ పెట్టమంటారండి మాస్టారూ?”

“వోల్టేర్‌ని వీరేశలింగం గారి పక్కన పెట్టండి. బ్రహ్మసమాజం వాళ్లదీ ఒక్క దేవుడే, విగ్రహం లేదు.”

వెంటనే మార్చేశారు. నా బస్సు టైమయ్యేసరికి హ్యూమ్‌ని చేత్తో పట్టుకుని రెండు అరల మధ్యా నిలబడి ఉన్నారు.

పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం లోపల వెలుతురు చాలదు.