63 మైక్రాన్ల జల్లెడ అని నమ్మి కొన్నాను, మీరు మాత్రం కన్నాలు కొలిచాకే వాడండి

తీరం దగ్గర లోతులేని నీళ్లలో ఇసుక, బురద తీసి అందులోని సన్నజీవులను లెక్కపెట్టే పనిలో ఉన్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా మెయోఫౌనా (ఇసుక రేణువుల మధ్య బతికే, కంటికి సరిగా కనిపించనంత చిన్న జంతువులు) కోసం కొత్త జల్లెడ ఆర్డర్ పెట్టబోయేవాళ్లు.

పేరు చెప్పను గానీ, ఒక అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్టీలు జల్లెడ కొన్నాను. ఫ్రేము గట్టిగా ఉంది, వల బిగుతుగా ఉంది, పక్కన "63 మైక్రాన్లు" అని స్టిక్కర్ ఉంది. అంతకు మించి నేను చూడలేదు. ఆటు వేళ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొన కోసేసిన సిరంజిలతో పై 5 సెంటీమీటర్ల ఇసుకను కోర్లుగా (నిలువు ముక్కలుగా) తీశాం. మోయడానికి బరువు తగ్గుతుందని ఒడ్డునే కడిగేశాం. పైన 500 మైక్రాన్లది, కింద ఈ కొత్తది. కొత్తదాని మీద నిలిచినదే పాడవకుండా ఫార్మలిన్‌లో వేసుకున్నాం. కిందికి కారిన నీళ్లు మళ్లీ సముద్రంలోకే పోయాయి.

ల్యాబ్‌కి వచ్చి జీవులను గులాబీగా చూపే రోజ్ బెంగాల్ రంగు వేసి చూస్తే నెమటోడ్లు (దారాల్లాంటి సన్న పురుగులు) ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ పెద్దవే. పిల్ల నెమటోడ్లు లేవు. రొయ్యల బంధువులైన సన్నజీవులు కోపెపాడ్ల నాప్లియస్ లార్వాలు (అప్పుడే పుట్టిన పిల్లలు) ఒకటీ అరా. ఆ చోటే అలాంటిదేమో, ఏదైనా కాలుష్యం ఉందేమో అని ఆలోచిస్తూ రెండు వారాలు గడిపాం. జల్లెడ తప్పయితే వచ్చే ఫలితం చూడటానికి తప్పులా ఉండదు, కొత్త విషయమేదో దొరికినట్టే ఉంటుంది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

అదృష్టం కొద్దీ రెండు కోర్లను కడగకుండా ఇసుకతో సహా ఫార్మలిన్‌లో ఉంచాం. అందులో ఒకదానికి రంగు వేసి కొత్త జల్లెడలో కడిగి, కిందికి దిగిన నీళ్లు బకెట్‌లో పట్టి, పక్క ల్యాబ్ వాళ్ల పాత 63 మైక్రాన్ల జల్లెడలో పోశాను. మైక్రోస్కోప్ కింద చూస్తే గులాబీ దారప్పోగుల్లా నెమటోడ్లే నెమటోడ్లు. ప్రాణం ఉసూరుమంది. ఒడ్డున పారబోసింది ఇవే కదా!

అప్పుడు కొలిచాను. స్టీరియో మైక్రోస్కోప్ కింద వల మీద స్టేజ్ మైక్రోమీటర్ (సన్న గీతల కొలబద్ద ఉన్న గాజు పలక) పెట్టి లెక్కపెడితే చాలు. సరైన 63 మైక్రాన్ల వలలో 1 మిల్లీమీటరుకు సుమారు 9 కన్నాలు రావాలి. నా దాంట్లో 6 కూడా రాలేదు. కన్నం దాదాపు 100 మైక్రాన్లు, అదీ ఒక్కోచోట ఒక్కోలా. చాలా నెమటోడ్ల మందం 20 నుంచి 60 మైక్రాన్ల మధ్యే ఉంటుంది. నిజమైన 63 లోంచే కొన్ని నిలువుగా జారిపోతాయి, అందుకే 45, 38, 32 వాడేవాళ్లూ ఉన్నారు. 100 అంటే తలుపులు బార్లా తీసినట్టే.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే "ఒకసారి తడిపిన జల్లెడ వెనక్కి తీసుకోం" అన్నారు. సర్టిఫికెట్ అడిగితే జవాబు లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి. పరీక్ష జల్లెడల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3310-1 ప్రకారం పరీక్షించిన సర్టిఫికెట్ ఉందా, అందులోని నంబరే ఫ్రేము మీద చెక్కి ఉందా అని. స్టిక్కర్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, నాది రెండో రోజుకే ఉప్పునీళ్లకు ఊడిపోయింది. మెష్ నంబరు (అంగుళానికి ఎన్ని కన్నాలో చెప్పే అంకె) వేరు, మైక్రాన్లు వేరు. 230 మెష్ అంటే 63 మైక్రాన్లు, 60 మెష్ అంటే 250 మైక్రాన్లు. వట్టి అంకె ఒక్కటే రాసి ఉంటే ఏది అని అడగండి.

వల, ఫ్రేము కలిసే అంచు కూడా చూడండి. నా దాంట్లో అక్కడ సన్న సందు ఉంది. ఒక శాంపిల్‌లోని కోపెపాడ్లు అందులో ఇరుక్కుని తర్వాతి శాంపిల్‌లో తేలాయి.

ఇకపై నేను ఒడ్డున జల్లెడ పట్టను. బరువైనా కోర్లను అలాగే తెచ్చి ల్యాబ్‌లోనే కడుగుతాను. అలా తెచ్చేవాళ్లు ఫార్మలిన్‌లో బోరాక్స్ కలపడం మరవకండి, లేకపోతే అది ఆమ్లంగా మారి ఆస్ట్రకాడ్ల (రెండు పెంకుల మధ్య ఉండే సన్నజీవులు) పెంకులు కరిగిపోతాయి.

ఆ సీజన్ లెక్కలన్నీ పక్కన పెట్టేశాం. అవే చోట్లకు మళ్లీ వెళ్లాలి. కన్నాలు కొలవడంలో సందేహం ఉంటే అడగండి, నేను తీసిన ఫొటోలు పెడతాను.